పీనట్ బటర్ కాదు, అంతకంటే పెద్ద పనే చేశారు కార్వర్

నమస్తే అండి. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు ఎక్కడ విన్నా ఒకటే మాట వినిపిస్తుంది: పీనట్ బటర్ కనిపెట్టిన నల్లజాతి శాస్త్రవేత్త అని. అది నిజం కాదండి. వేరుశనగ ముద్దకు 1884లోనే ఎడ్సన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి కార్వర్ వయసు ఇరవై దాకా ఉంటుంది, చదువు కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. తర్వాత వేరుశనగతో ఏమేం చేయొచ్చో ఆయన పెద్ద జాబితా తయారు చేసిన మాట వాస్తవమే. కానీ జీవితం మొత్తం మీద ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే. వాటి వల్ల ఆయనకు డబ్బేమీ రాలేదు.

నాకు ఆయన మీద గౌరవం వేరే పని వల్ల. చేతిలో చిల్లిగవ్వ లేని రైతు దగ్గరికి వెళ్లి, ఖర్చు లేకుండా పొలాన్ని ఎలా బాగుచేసుకోవాలో నలభై ఏళ్లకు పైగా నేర్పారు. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో బానిస తల్లికి పుట్టారు. పసివాడిగా ఉండగానే దుండగులు తల్లీబిడ్డల్ని ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి జాడ మళ్లీ తెలియలేదు. యజమాని దంపతులే పెంచారు. బడి కోసం నియోషో అనే ఊరు చేరి, మరియా వాట్కిన్స్ అనే ఆవిడ ఇంట్లో పనులు చేస్తూ చదువుకున్నారు. నేర్చుకున్నది నీ జనానికి పంచిపెట్టు అని ఆవిడ చెప్పింది. ఒక బైబిలు కూడా ఇచ్చింది. ఆ బైబిలును ఆయన చివరిదాకా దగ్గర ఉంచుకున్నారు. కాన్సాస్‌లో ఒక కాలేజీ ముందు సీటు ఇచ్చి, మనిషిని చూశాక రంగు కారణంగా వెనక్కి పంపేసింది. చివరికి అయోవాలో వ్యవసాయ డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తి చేశారు. అక్కడే ఉండిపోతే హాయిగా ప్రొఫెసర్‌గా బతకొచ్చు. అదే ఏడాది, దక్షిణాదిన అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో నల్లజాతివాళ్ల కోసం విద్యాసంస్థ నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్ పిలిస్తే, వెళ్లిపోయారు.

అక్కడి పరిస్థితి చూడండి. బానిసత్వం పోయి ముప్పై ఏళ్లు దాటింది కానీ భూమి మాత్రం చేతికి రాలేదు. ఎక్కువమంది సగపాలికి సాగు చేసేవాళ్లే. విత్తనం అప్పు, తిండి అప్పు, పంట చేతికి రాకముందే షావుకారు పద్దులోకి వెళ్లిపోతుంది. అప్పిచ్చినవాడు పత్తే వేయమంటాడు. ఇంటి గడప దాకా పత్తే, కూరగాయల మడికి కూడా చోటు లేదు. ఏటేటా పత్తి మీద పత్తి వేసి నేల చచ్చిపోయింది. పత్తి, అప్పు, షావుకారు అనగానే మన వరంగల్, ఆదిలాబాద్ రైతులకు నేను వివరించాల్సిన పని లేదు.

ఆ రైతుకు ఎరువు బస్తా కొనుక్కో అని చెప్పి ఏం లాభం? కార్వర్ ఆ మాట అనలేదు. అడవిలో రాలిన ఆకులు పోగెయ్యి, చిత్తడి నేలల్లోని నల్లమట్టి తెచ్చి పొలంలో కలుపు అన్నారు. బొబ్బర్లు వెయ్యి, వేరుశనగ వెయ్యి, వాటి వేళ్ల మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, ఆ తర్వాత పత్తి వేసుకో అన్నారు. చిలగడదుంప పెట్టు, పిల్లలకు తిండి దొరుకుతుంది అన్నారు. ముందు ఇవన్నీ టస్కిగీలోని పాడుబడ్డ నేలలో తానే చేసి చూశాకే చెప్పారు. ల్యాబ్‌కు పరికరాలు లేకపోతే చెత్తకుప్పల్లోంచి సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి తయారు చేసుకున్నారు.

చేసి చూసినవి చిన్న చిన్న పుస్తకాలుగా, బులెటిన్లుగా వేశారు. 1898 నుంచి మొత్తం 44. వేరుశనగ సాగు, దాన్ని తినడానికి 105 రకాల వంటలు కలిపి వేసిన బులెటిన్ 1916లో వచ్చింది. సాగు పద్ధతి రైతుకు, వంట ఇల్లాలికి, రెండూ ఒకే పుస్తకంలో. పండించమని చెప్పి వదిలేయకుండా, పండాక ఏం చేసుకోవాలో కూడా చెప్పడం నాకు చాలా నచ్చింది. అప్పటికే బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు అలబామా పత్తిని తినేస్తోంది కాబట్టి, వేరే పంట మాట వినడానికి జనం కూడా సిద్ధంగా ఉన్నారు.

ఇల్లు కూడా మర్చిపోలేదు. అక్కడి ఎర్రమట్టి, పచ్చమట్టితో రంగులు తీసి, పైసా పెట్టకుండా గోడలకు వేసుకోవచ్చని చూపించారు.

మరి చదువు రానివాళ్ల సంగతి? వాళ్ల కోసం 1906లో ఒక బండి కట్టించారు. డబ్బిచ్చిన దాత పేరు మీద దాన్ని జెసప్ వాగన్ అన్నారు. నాగలి, విత్తనాలు, వెన్న చిలికే యంత్రం, అన్నీ అందులోనే. ఆ బండిని నడిపింది కార్వర్ కాదు, థామస్ క్యాంప్‌బెల్ అనే యువకుడు. ఒక రైతు పొలం దగ్గర బండి ఆపి, ఆ పొలంలోనే దున్ని చూపిస్తుంటే చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసేవారు. మన దగ్గర వ్యవసాయ అధికారులు ప్రదర్శన క్షేత్రం అంటారు కదా, అదే పని.

ఇక ఆయన భక్తి. తెల్లవారుజామున లేచి అడవిలో నడిచేవారు, మొక్కలు ఏరుకునేవారు. దేవుడితో మాట్లాడే సమయం అదేనని చెప్పేవారు. ఆదివారం సాయంత్రాలు విద్యార్థులకు బైబిలు క్లాసు, అదీ దశాబ్దాల పాటు. దీనివల్ల మాట కూడా పడ్డారు. 1924లో న్యూయార్క్‌లోని ఒక చర్చిలో, నా ల్యాబ్‌లోకి పుస్తకాలు రావు, పద్ధతి దేవుడే తెలియజేస్తాడు అన్నారు. శాస్త్రవేత్తలు ఇలా మాట్లాడరని న్యూయార్క్ టైమ్స్ విమర్శించింది. ఆయన నొచ్చుకుని, తాను ఏమేం చదివారో వివరిస్తూ జవాబు రాశారు. నా అభిప్రాయం చెప్తాను. ఆ ఒక్క ప్రసంగం చూసి ఆయన్ని కొలవడం అన్యాయం. దేవుణ్ణి అడిగిన మనిషే మట్టినీ పరీక్షించాడు. సాగు గురించి బులెటిన్లలో రాసింది చాలావరకు పొలంలో చేసి చూసిందే.

అలాగని తప్పుల్లేని మనిషి కాదు. ఆఫీసు పనులంటే పడేది కాదు. కోళ్ల ఫారం నిర్వహణ మీద బుకర్ వాషింగ్టన్‌తో ఏళ్ల తరబడి గొడవ, రాజీనామా చేస్తానని ఎన్నోసార్లు బెదిరింపు. అయినా టస్కిగీని మాత్రం వదల్లేదు. మన దేశంతోనూ ఆయనకు సంబంధం ఉంది. గాంధీగారికి ఆహారం విషయంలో సలహాలు రాసి పంపారు.

1943 జనవరి 5న చనిపోయే ముందే, దాచుకున్న డబ్బంతా పరిశోధన కోసం పెట్టిన ఫౌండేషన్‌కు ఇచ్చేశారు.

ఆ బండి సంగతి చెప్పి ముగిస్తాను. గుర్రాల బండి పోయి 1918లో ట్రక్కు వచ్చింది. 1923లో ఇంకో పెద్ద ట్రక్కు వచ్చింది. వ్యవసాయం చెప్పే మనిషితో పాటు ఒక నర్సు కూడా అందులో వెళ్లేది. దాన్ని కొనడానికి చందాలు వేసుకున్నది అలబామా నల్లజాతి రైతులే.