ఆ పోస్టరును పిల్లవాడు కూడా చదువుతాడు

(విజయవాడలో డిగ్రీ విద్యార్థుల ఎన్‌ఎస్‌ఎస్ శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ మేడమ్ గారు ‘సామాజిక కార్యకర్త’ అన్నారు. ఆ మాట నాకు రెండు సైజులు పెద్ద చొక్కా. నేను ఆర్టీసీ కండక్టరును. 31 ఏళ్ళు టికెట్లు కొట్టి రిటైరయ్యాను. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి వెళ్ళే వాళ్ళలో ఒకడిగా ఇప్పుడు మీ ముందు నిలబడ్డాను.

ఇల్లు వదిలి వచ్చిన పిల్లల్ని కండక్టరు టికెట్టు దగ్గరే గుర్తుపట్టగలడు. మామూలు ప్రయాణికుడు ‘ఏలూరు ఒకటి’ అంటాడు. ఇల్లు వదిలినవాడు ‘ఈ బస్సు ఎక్కడిదాకా వెళ్తుంది?’ అని అడుగుతాడు. చివరి స్టాపు పేరు చెబితే ‘అయితే అక్కడికే ఇవ్వండి’ అంటాడు. చేతిలో ట్యూషన్ సంచి, కాళ్ళకు ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. సీటు ఖాళీగా ఉన్నా వెనక తలుపు దగ్గరే నిలబడతాడు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఒకసారి ఏమీ చేయలేదు. చాలా ఏళ్ళ కిందట, పండిట్ నెహ్రూ బస్టాండులో రాత్రి సర్వీసు ఎక్కిన ఒక అమ్మాయి సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. పదిహేనేళ్ళు ఉంటాయేమో. టికెట్టు ఇచ్చాను, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను, ముందు సీటుకు వెళ్ళిపోయాను. రెండు రోజుల తర్వాత ఒక కానిస్టేబులు ఫొటో పట్టుకొని డిపోకు వచ్చాడు. ఆ అమ్మాయి దొరికిందో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. నేనూ వెళ్ళి అడగలేదు.

ఇప్పుడైతే బస్సుల్లో ఇంకో మార్పు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సుల వరకు ప్రయాణం ఉచితం. తెలంగాణలో అంతకు ముందే, 2023 డిసెంబరులో మొదలైంది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టడం లేదు, మా ఇంట్లో ఆడవాళ్ళంతా వాడుకుంటున్నారు. వెతికేవాళ్ళు మాత్రం లెక్క మార్చుకోవాలి. ‘దాని దగ్గర ముప్పై రూపాయలే ఉన్నాయి, ఎంత దూరం పోతుంది?’ అని తల్లి అంటే, ఆ మాట పట్టుకొని ఊళ్ళోనే వెతుకుతూ కూర్చోకూడదు.

ఇక అసలు సంగతి. మూడేళ్ళ కిందట, ఏప్రిల్లో, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం. మొదటి సంవత్సరం చదివే పదహారేళ్ళ అబ్బాయి తెల్లవారకముందే సైకిలు తీసుకొని వెళ్ళాడు, తిరిగి రాలేదు. పదింటికల్లా వాళ్ళ వీధిలో 43 మందిమి చేరాం. అంతమందిని చూసి ఆ తండ్రి ఏడ్చాడు. నాకూ గర్వంగానే అనిపించింది. ఆ రోజు మేము చేసిన పనుల్లో సగం చేయకూడనివని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు మనది. పిల్లవాడు కనిపించలేదనగానే మనసు ముందుగా నీళ్ళ దగ్గరకే పరుగెత్తుతుంది. ఇరవై మంది ప్రకాశం బ్యారేజీకి వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పంచుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు గట్టు దిగి నాచు మీద కాలుజారి మొలలోతు నీళ్ళలో పడ్డారు. ఇంకొంచెం లోతుంటే ఒకరి కోసం బయలుదేరి ముగ్గురి కోసం వెతికేవాళ్ళం. నీళ్ళలో వెతకడం మన పని కాదు. దానికి పోలీసులు ఉన్నారు, శిక్షణ ఉన్న ఈతగాళ్ళు ఉన్నారు. మీరు గట్టు మీద కూడా ఒంటరిగా నడవకండి.

మేమంతా కాలువల వెంట తిరుగుతుంటే ఆ సైకిలు రైల్వేస్టేషను స్టాండులో నిక్షేపంగా ఉంది. స్టాండు నడిపే పెద్దాయన టోకెను నంబరు, 5.40 అన్న టైము పుస్తకంలో రాసుకున్నాడు కూడా. మరునాడు సాయంత్రం మాలో ఒకరికి ఆలోచన వచ్చి వెళ్ళి అడిగితే, ‘నిన్నటి నుంచి నన్ను ఎవరూ అడగలేదయ్యా’ అన్నాడు. ఆ టైముకు తర్వాత కాసేపట్లో చెన్నై వైపు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒకటిన్నర రోజు పోయింది.

అంతకు ముందు ఆ అబ్బాయి మాకు కనిపించలేదా అంటే, నాలుగు చోట్ల కనిపించాడు! గుడివాడలో చూశామన్నారు, నూజివీడులో చూశామన్నారు, గుణదల మేరీమాత గుడి మెట్ల మీద, మంగళగిరిలో చెరుకురసం బండి దగ్గర. చెప్పినవాళ్ళు ఎవరూ అబద్ధాలకోరులు కారు. మనం చెమటలు కారుతూ ఫొటో చూపించి ‘ఈ అబ్బాయిని చూశారా?’ అని దీనంగా అడిగితే లేదనడానికి మనిషికి నోరు రాదు. చూసినట్టే అనిపిస్తుంది. అందుకని ఫొటో జేబులోంచి ముందే తీయకండి. ‘నిన్న పొద్దున కొట్టు ఎన్నింటికి తెరిచారు? మొదటి బేరం ఎవరిది? కుర్రాళ్ళు ఎవరైనా వచ్చారా, ఏం కొన్నారు?’ అని మాటల్లో పెట్టండి. వాళ్ళంతట వాళ్ళు ఒక అబ్బాయి గురించి చెబితే, చొక్కా రంగు అడిగి, అప్పుడు ఫొటో చూపించండి. విన్నది విన్నట్టు, టైముతో సహా, అక్కడే నిలబడి రాసుకోండి. ఇంటికొచ్చి రాస్తే అందులో మన కోరిక కలుస్తుంది.

కొట్ల ముందు కెమెరాలు ఉంటాయి. వాటి రికార్డు ఎల్లకాలం ఉండదు, నిండగానే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. కాబట్టి తొందర అవసరమే. కానీ మీరు ఆ వీడియోను ఫోనులోకి ఎక్కించుకొని స్నేహితులకు పంపకండి. ఏ కొట్టు, కెమెరా ఏ వైపు చూస్తోంది, దాని గడియారం సరిగ్గా ఉందా, ఈ మూడూ రాసి స్టేషనులో ఇవ్వండి. గడియారం సంగతి ఎందుకంటే, ఒకచోట కెమెరా 17 నిమిషాలు ముందుంది. ఆ తేడా పట్టుకోక మేము వేరే బస్సు వెంట పడ్డాం.

పోలీసుల దగ్గరకు వెళ్ళడం గురించి ఒక పాత భ్రమ ఇంకా తిరుగుతోంది, 24 గంటలు ఆగాలని. ఆగనక్కరలేదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు కనిపించలేదన్న ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగి ఉండవచ్చన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013 మే 10న సుప్రీంకోర్టు చెప్పింది. ‘మా పరిధి కాదు’ అన్న మాటా చెల్లదు. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది చట్టంగానే ఉంది. తల్లిదండ్రులకు ఆ సమయంలో చట్టాలు చెప్పకండి, వాళ్ళకు వినపడదు. పక్కన కూర్చొని రాసిపెట్టండి, కాపీ తీసుకునేదాకా కూడా ఉండండి. నలభై మంది కాలువ గట్టున తిరగడం కన్నా ఇది గొప్ప సాయం. చూడటానికి మాత్రం గొప్పగా ఉండదు.

తిరిగి మన అబ్బాయి దగ్గరకు వద్దాం. ఆరో రోజున నెల్లూరులో దొరికాడు. ఒక టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాడు. అక్కడ సర్వరుగా చేసే ఒకాయనకు అనుమానం వచ్చి పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేశాడు. మా 43 మందిలో ఎవరి వల్లా దొరకలేదు, ఇది మీరు గుర్తుపెట్టుకోండి. బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్ళి, మాట్లాడించి, ఇంటికి పంపారు.

రెండు నెలల తర్వాత వాళ్ళ నాన్న నన్ను భోజనానికి పిలిచాడు. అబ్బాయి నాతో పెద్దగా మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు వీధి చివరిదాకా వచ్చి, ‘తాతయ్యా, ఆ పోస్టరు ఎవరు రాశారు?’ అన్నాడు. ఎందుకని అడిగాను. మొదటి రోజు సాయంత్రమే వాడు తిరిగి రావాలనుకున్నాడట. నెల్లూరు ప్లాట్‌ఫారం మీద కూర్చొని, పక్కనున్న ఎవరి ఫోనో అడిగి తీసుకొని, స్నేహితులు ఏమనుకుంటున్నారో చూద్దామని ఇన్‌స్టాగ్రామ్ తెరిచాడు. మొదటే పోస్టరు కనిపించింది. ‘ఇంటర్‌లో ఫెయిలై, తల్లిదండ్రులు మందలించారని ఇల్లు వదిలి వెళ్ళిన’ అని పెద్ద అక్షరాలతో, పైన వాడి ఫొటోతో. వాడు ఫెయిలైన సంగతి అంతవరకు ఇంట్లో ముగ్గురికే తెలుసు. ‘ఇంక ఏ ముఖం పెట్టుకొని రావాలి తాతయ్యా’ అన్నాడు.

ఆ పోస్టరు రాసింది నేనే.

వివరాలు ఎక్కువుంటే గుర్తుపట్టడం తేలికవుతుందని రాశాను. కారణం చెబితే జనానికి జాలి కలుగుతుందనుకున్నాను. జనం కోసం రాశాను తప్ప, దాన్ని వాడు కూడా చదువుతాడని నాకు తట్టనే లేదు. మూడేళ్ళ పసివాడు జాతరలో తప్పిపోతే పోస్టరు ఊరివాళ్ళకే. పదహారేళ్ళవాడు వెళ్ళిపోతే ఆ పోస్టరుకు మొదటి పాఠకుడు వాడే. వాడికి ఊరి కన్నా ముందు అందుతుంది. మీకు నేను ఇవాళ చెప్పడానికి వచ్చింది ఈ ఒక్క సంగతే, మిగిలినవన్నీ మీ సార్లు కూడా చెప్పగలరు.

ఇప్పుడు మేము రాసే పోస్టరులో ఈ మధ్య తీసిన ఫొటో ఉంటుంది. స్టూడియోలో పౌడరు రాసి తీయించింది కాదు, రోజూ ఎలా ఉంటాడో అది. వయసు, ఎత్తు, వేసుకున్న బట్టలు, చెప్పులు, చివరగా కనిపించిన చోటు, టైము ఉంటాయి. మార్కులు, ప్రేమ, కులం, తిట్లు, కొట్లాటలు ఏవీ ఉండవు. నాన్న ఫోను నంబరు కూడా ఉండదు, పోలీసు స్టేషనుది ఉంటుంది. నంబరు వేసిన ఆ మొదటిసారి, రాత్రి ఒంటిగంటకు ఎవడో ఫోను చేసి ‘మీవాడు మా దగ్గర ఉన్నాడు, ఇరవై వేలు పంపు’ అన్నాడు. ఆ తల్లి గాజులు తీసి కొంగులో కట్టుకుంది. వాడి దగ్గర ఎవరూ లేరు, పోస్టరు చూసి చేసిన మోసం.

‘కిడ్నాప్ ముఠా తిరుగుతోంది’ అన్న మాట మీ వేళ్ళతో టైపు చేయకండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న వాట్సాప్ పుకార్లతో దేశంలో ఎంతోమందిని జనం కొట్టి చంపారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడలో ఒకే పూట అయిదుగురు పోయారు. ఆ నెలలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి ప్రకటించింది.

పోస్టరు చివర ఒక వాక్యం ఇంట్లోవాళ్ళతో రాయిస్తాం, పిల్లవాడికి. ఇది కష్టమైన పని. ‘నువ్వు రాకపోతే మేము బతకం’ అని రాస్తామంటారు. వద్దని బతిమాలతాను, అప్పటికే బరువు మోయలేక వెళ్ళినవాడి మీద ఇంకో బరువు అది. ఒక తల్లి ఎంతసేపూ ఏమీ రాయలేక, చివరకు ‘నీ పావురాలకు గింజలు వేశాను’ అని రాసింది. ఆ వాక్యం బయటివాళ్ళకు అర్థం కాదు. కానక్కరలేదు.

అమ్మాయి కనిపించకపోతే వీధిలో పుట్టే మొదటి ప్రశ్న మీకు తెలుసు. ‘ఎవరితో?’ ఆ ప్రశ్న పోలీసులకు అవసరం, వీధికి అవసరం లేదు. ఇంటింటికీ తిరిగే మనమే ఆ కబురును మోసుకెళ్ళేవాళ్ళం అవుతాం. మాతో వచ్చిన ఒకాయనను ఇందుకే వెనక్కి పంపేశాం, మంచి కారు ఉన్న మనిషి, అయినా సరే.

మీకే ఎదురుపడితే? చేయి పట్టుకోకండి. ఫొటో తీయకండి. ఇద్దరుండండి, అమ్మాయి అయితే ఒకరు ఆడవాళ్ళు ఉండాలి. పక్కన కూర్చొని ఏదైనా తిన్నావా అని అడగండి. 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోను చేయండి, రైల్వేస్టేషన్లో అయితే అక్కడి రైల్వే రక్షణ దళం, ఆర్‌పీఎఫ్ వాళ్ళకు చెప్పండి. జాలిపడి ఇంటికి తీసుకెళ్ళకండి. తప్పిపోయినట్టు కనిపించిన పిల్లల సంగతి 24 గంటల్లోగా తెలియజేయడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మన బాధ్యత, చెప్పకపోవడం నేరం. ‘మీ నాన్నకు చెప్పనులే’ అని మాట ఇవ్వకండి, అది మీరు నిలబెట్టుకోలేరు. అలాగని ‘పద ఇంటికి’ అని కూడా లాగకండి. కొందరు పిల్లలు ఇంటి నుంచి కాదు, ఇంట్లో ఒక మనిషి నుంచి పారిపోతారు. ఆ సంగతి తేల్చడానికే బాలల సంక్షేమ కమిటీ ఉంది.

దొరికాక అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు, పోస్టర్లు ఉండిపోతాయి. ఇల్లు వదిలిన పిల్లలు కూడా చట్టం దృష్టిలో రక్షణ అవసరమైన పిల్లలే. వాళ్ళ గుర్తింపు బయటపెడితే ఆ చట్టం 74వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. అందుకే పోస్టరు పోలీసులకు చూపించి వాళ్ళ ఒప్పుదలతోనే వేస్తాం, దొరికిన రోజే తీసేస్తాం. గ్రూపుల్లోవి చెరిపించడానికి ఒక్కొక్కరికీ ఫోను చేయాలి. గోడల మీదవి తడిపి గీకాలి, మైదా జిగురు ఎండితే అంత తేలిగ్గా ఊడదు. ఆ నెల్లూరు అబ్బాయి పోస్టరు ఒకటి పోయిన నెలలో కూడా ఏలూరు రోడ్డులో ఒక స్తంభం మీద కనిపించింది. ముఖం సగం చిరిగింది, ‘ఫెయిలై’ అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. నా దగ్గర గీకడానికి ఏమీ లేక, టికెట్లు చించిన ఈ గోళ్ళతోనే పీకాను.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం మీ మధ్య తిరుగుతుంది. పేరు, ఊరు రాయండి. దాని పక్కన, రాత్రి పది దాటాక ఫోను చేస్తే ఎత్తగలరా లేదా అన్నది కూడా రాయండి. ఎత్తలేమని రాసినా తప్పులేదు, వాళ్ళను పగటిపూట పోస్టర్లు గీకడానికి పిలుస్తాను. ఆ చివరి బెంచీ నుంచి మొదలుపెట్టండి బాబూ, ముందు బెంచీవాళ్ళు ఎలాగూ రాస్తారు.