నొప్పి పోయిందంటే పన్ను బాగైనట్టు కాదు

(వరంగల్ జిల్లాలోని ఒక ఊరిలో మహిళా సంఘం సభ్యులతో దంతవైద్యురాలి ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్ళకు, పెద్దమ్మలకు నమస్కారం. పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకొని వచ్చి కూర్చున్నారు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాను.

దవాఖానలో నేను తరచూ వినే మాట ఒకటుంది. "పోయిన నెల పన్ను మస్తు గుంజింది మేడం, గోలీలు వేసుకున్న, ఇప్పుడు మంచిగనే ఉంది." నాకు భయం వేసేది ఈ మాటకే.

పన్ను పైపొరను ఎనామిల్ అంటాం. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది అదే. కానీ దానికి నరం లేదు, ఒకసారి పోతే మళ్ళీ పుట్టదు. తీపి తిన్నప్పుడల్లా పండ్ల మీది పాచిలో ఉండే క్రిములు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. నరం లేదు కాబట్టి కరుగుతున్నంత కాలం మనకేమీ తెలియదు. కింది పొర దాకా పుచ్చితే చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. ఇంకా లోతుకు, నరం దగ్గరికి చేరితే రాత్రి నిద్ర ఉండదు. ఆ తర్వాత నరం చచ్చిపోతుంది. నొప్పి తెలిపేది అదే కాబట్టి నొప్పీ ఆగుతుంది. మనమేమో గోలీ పనిచేసిందనుకుంటాం. క్రిములు మాత్రం ఆగవు, వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగుతాయి. కొన్నాళ్ళకు చిగురు మీద చీముపొక్కు లేస్తుంది, లేదంటే చెంప వాస్తుంది. వాపు దవడ కిందికి, మెడకు దిగి, మింగడం కష్టమై, నోరు తెరవరాక, ఊపిరి ఆడకుంటే అది ప్రాణాపాయం. ఊర్లో ఒక సూది వేయించుకొని పొద్దున చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఆ రాత్రే ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు పోవాలి.

పన్నులో పురుగు ఉంటుందని, విత్తనాల పొగ పెట్టి తీస్తామని చెప్పేవాళ్ళు ఉన్నారు. పన్నులో పురుగు ఉండదు. నొప్పికి జిల్లేడు పాలు, పెట్రోలు, తంబాకు పెట్టొద్దు. వాటితో చిగురు, చెంప లోపలి తోలు కాలి పుండ్లవుతాయి.

నల్లమచ్చో చిన్న రంధ్రమో కనబడ్డప్పుడే వస్తే పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడతాం. ఒక్క పూట పని. ఖర్చులో తేడా కూడా ఇక్కడే. నరం దాకా పోతే రూట్ కెనాల్ కావాలి. మత్తు సూది ఇచ్చి, వేర్లలోని చెడిన నరాన్ని తీసేసి, ఆ సన్నటి దారులను శుభ్రం చేసి, మూసేస్తాం. దవడపన్నుకు అలాంటి దారులు మూడో నాలుగో ఉంటాయి కనుక రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. మధ్యలో నొప్పి తగ్గిందని కొందరు రావడం మానేస్తారు. ఇంకొందరు అంతా చేయించుకొని పైన తొడుగు మాత్రం వద్దంటారు. నరం తీసిన దవడపన్ను బలహీనంగా ఉంటుంది. తొడుగు లేకుంటే సంక్రాంతికి సకినం కొరికినప్పుడు నిలువునా చీలిపోవచ్చు.

"అదంతా ఎందుకు, పీకెయ్యండి" అనేవాళ్ళే ఎక్కువ. నిలిచే పన్నును పీకించుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. దవడపన్ను పోతే పక్కవి ఆ సందులోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను జారుతుంది, నమలడం ఒక్కవైపే అవుతుంది. తప్పక తీయాల్సినవీ ఉంటాయి. పైపన్ను తీస్తే చూపు పోతుందని భయపడకండి, కంటి నరం వేరు, పంటి నరం వేరు. బీపీ, షుగర్, రక్తం పలచబడే గోలీలు వాడేవాళ్ళు ముందే చెప్పాలి. సొంతంగా గోలీ ఆపొద్దు. పన్ను తీశాక గాజుగుడ్డను అరగంటకు పైగా గట్టిగా కరిచి పట్టండి. ఆ రోజు ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. గడ్డకట్టిన రక్తమే పుండును మాన్పుతుంది. ఉప్పునీళ్ళు మర్నాటి నుంచి.

చిగుళ్ళ జబ్బు కూడా నొప్పి లేకుండానే ముదురుతుంది. తోముతుంటే రక్తం వస్తే అదే మొదటి గుర్తు. పాచి గట్టిపడి, నీళ్ళు కాచే గిన్నెకు పట్టే తెల్లపొర లాగా గార కడుతుంది. అది బ్రష్షుకు పోదు, క్లీనింగ్ చేయాల్సిందే. క్లీనింగ్‌తో పండ్లు కదులుతాయన్న మాట నిజం కాదు. ఎముక అప్పటికే కరిగి ఉంటుంది, గార తీసేసరికి ఆ వదులు బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ జబ్బు తొందరగా ముదురుతుంది, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది.

పిల్లల సంగతి. ఆరేళ్ళప్పుడు పాలపండ్ల వెనక ఒక దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే, పోయి మళ్ళీ వస్తుందని వదిలేస్తారు. అది ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను. పిల్లలకు తీపి ఎంత పెట్టామన్న దానికంటే ఎన్నిసార్లు పెట్టామన్నది ముఖ్యం. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద తింటే ఏం కాదు. రోజంతా చాక్లెట్, బిస్కెట్ చప్పరిస్తే నోట్లో లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచే సందే దొరకదు.

వేపపుల్ల మంచిదే, కానీ ఎనామిల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ దానిలో ఉండదు. బొగ్గు, ఇటుకపొడి మానండి. ఫ్లోరైడ్ పేస్టుతో పొద్దున ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి మెత్తటి బ్రష్షుతో తోమండి. రాత్రిది అస్సలు తప్పొద్దు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. నల్లగొండ వైపు ఎముకలు వంకర్లు పోయింది ఫ్లోరైడ్ వల్లే కదా అని అడుగుతారు. అది ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళలో ఎక్కువై వచ్చిన జబ్బు. పేస్టును ఉమ్మేస్తాం.

చివరిది అంబర్, గుట్కా, జర్దా లాంటి నమిలే పొగాకు, వక్క. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. వక్క నమిలేవాళ్ళకు చెంపలు బిగుసుకొని నోరు తెరుచుకోవడం తగ్గుతుంది, కారం తగిలితే మండుతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకుంటే చూపించుకోవాలి. నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు ఉంటే కూడా అంతే. తొలిరోజుల్లో నోటి క్యాన్సర్ కూడా నొప్పి పెట్టదు. పొగాకు మానాలనుకునేవాళ్ళకు 1800112356 నంబరులో ప్రభుత్వ సలహాదారులు ఉచితంగా సాయం చేస్తారు.

ఇప్పుడు పక్క గదిలో అందరి నోళ్ళు చూస్తాను. అంబర్ పెట్టుకునే అక్కలు ముందు రండి. అడిగి ఎవరినీ తిట్టను, మిగిలినవాళ్ళు వాళ్ళకు దారి ఇవ్వండి.