ఆరు నెలలు నిండిన బిడ్డకి ఏం పెట్టాలి? ఉగ్గు, రాగి జావ, బాలామృతం, ప్యాకెట్ పొడి: చెంచా వంచి చూద్దాం

నమస్తే అండీ. నా ముందు బల్ల మీద నాలుగు గిన్నెలున్నాయి. మొదటిది ఇంట్లో చేసుకున్న ఉగ్గు, రెండోది రాగి జావ, మూడోది అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, నాలుగోది మెడికల్ షాపులో దొరికే ప్యాకెట్ పొడి. పక్కన ఇంకో చిన్న పళ్ళెం ఉంది. అందులో ఈ పూట మా ఇంట్లో వండిన అన్నం, ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు. తల్లిపాలు తాగే బిడ్డకి పాలతో పాటు వీటిలో ఏది మొదలుపెట్టాలో ఒక్కొక్కటే చూద్దాం.

ముందే చెప్పేస్తాను, ఈ వీడియోలో ఏ కంపెనీ పేరూ రాదు, కింద ఏ లింకూ ఉండదు. మన దేశంలో 1992లో ఒక చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. రెండేళ్ళలోపు పిల్లలకి అమ్మే పాలపొడికీ ఆహారానికీ, పాలసీసాలకీ ప్రచారం చెయ్యకూడదని ఆ చట్టం. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వెయ్యకూడదని కూడా అందులోనే ఉంది. నాకు చాలా నచ్చిన చట్టం అది. కొత్తగా తల్లి అయిన మనిషి నిద్ర లేక, నా పాలు చాలుతున్నాయో లేదో అన్న బెంగతో ఉంటుంది. ఆ బెంగ మీద వ్యాపారం చెయ్యకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆరు నెలలు నిండాక. నాలుగో నెలలోనే "పిల్ల ఏడుస్తోంది, నీ పాలు చాలట్లేదు, కాస్త ఉగ్గు పొయ్యి" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. ప్రేమతోనే అంటారు. అయినా ఆగండి. మెడ నిలబడాలి, ఆనుకుంటే కూర్చోగలగాలి, మనం తింటుంటే చెయ్యి చాచాలి, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి నెట్టెయ్యకుండా ఉండాలి. అలాగని ఏడెనిమిది నెలల దాకా పాలతోనే నెట్టుకు రావడమూ మంచిది కాదు. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. బిడ్డ పుట్టేటప్పుడు ఒంట్లో దాచుకుని వచ్చిన ఐరన్ సుమారు ఆరు నెలలకి తరిగిపోతుంది. ఆ తర్వాత అది తిండి నుంచే రావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. మొదటి ముద్దలో ఏముంది అన్నది అంత ముఖ్యమైన విషయం.

సరే, రాగి జావతో మొదలుపెడదాం, ఎక్కువమంది పోసేది ఇదే కాబట్టి. ఇదిగో, చెంచాతో తీసి వంచుతున్నా. చూశారా, నీళ్ళలా జారిపోయింది. ఈ గిన్నెడు జావలో పడింది ఒక టీ చెంచా పిండి. అంటే ఇంచుమించు 5 గ్రాములు, దాంట్లో ఉండేది 16 కేలరీలు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకి తల్లిపాలు కాకుండా రోజుకి ఇంకో 200 కేలరీల దాకా కావాలి. ఆ వయసు పిల్లల పొట్టలో ఒకసారికి పట్టేది 200 మిల్లీలీటర్లు, అంతే. ఇలాంటి జావ గిన్నెడు తాగితే పొట్ట నిండిపోతుంది, పాలు కూడా తాగదు. ఇంట్లో అందరూ "బాగా తాగింది" అని సంతోషిస్తారు. నెలాఖరుకి బరువు చూస్తే పెరిగి ఉండదు.

పప్పు కట్టు సంగతీ ఇంతే. పప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు తీసి పోస్తుంటారు. బలమంతా కింద పప్పులో ఉండిపోతుంది. ఆ పప్పునే మెత్తగా మెదిపి పెట్టండి.

రాగులు మంచివే, నేను కాదనను. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఉంది. ఐరన్ మాత్రం నాలుగున్నర మిల్లీగ్రాములే. అందులోనూ ఒంటికి పట్టేది కొంతే, ఎందుకంటే రాగుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. రాగి జావ ఒక్కటే పోసి రక్తం పడుతుందని నమ్మకండి.

ఇప్పుడు చూపించేది జాగ్రత్తగా చూడండి, నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. రాగులు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, మొలకలు నలిపి చెరిగేసి, సన్నటి సెగ మీద కొద్దిగా మాత్రమే వేయించి పట్టిన పొడి ఇది. ఎక్కువ వేయిస్తే పని చెయ్యదు. ఈ గిన్నెలో రాగి సంకటిలా గట్టిగా ఉడికిన ముద్ద ఉంది, చెంచా నిలబెడితే నిలబడుతోంది. పొయ్యి మీద నుంచి దించి, ఈ మొలకల పొడి చిటికెడు వేసి కలుపుతున్నా. కలుపుతూనే ఉండండి... అదిగో, ముద్ద వదులవుతోంది, మీగడలా వస్తోంది. నేను ఒక్క చుక్క నీళ్ళు పొయ్యలేదు. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది, అది ఉబ్బిన పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. ఇప్పుడు మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిస్తే చాలు. పిండి అంతే ఉంది, బలం అంతే ఉంది, బిడ్డ సులువుగా మింగుతుంది. పైన అర చెంచా నెయ్యి వెయ్యండి. ఒక టీ చెంచా నెయ్యిలో నలభై కేలరీలకి పైనే ఉంటాయి. ఇందాకటి గిన్నెడు జావకి రెండింతలకి పైనే.

ఇక ఉగ్గు. మా అత్తయ్య చేసిన పొడి ఇది. మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు పెసరపప్పు, కాస్త జీలకర్ర. కడిగి, నీడన గుడ్డ మీద ఆరబోసి, మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మిక్సీలో సన్న రవ్వలా పట్టారు. మాంసకృత్తుల్లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, అది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువున్నది బియ్యంలో ఉంటుంది, అందుకే రెండూ కలిస్తేనే మాంసకృత్తులు పూర్తవుతాయి. చెంచా వంచితే పడకుండా నిలిచేంత చిక్కగా ఉడికించండి. ఈ నాలుగు గిన్నెల్లో మొదటి వారానికి నేను ఎంచుకునేది ఉగ్గునే. అయితే బాదం, జీడిపప్పు, వాము, పదిరకాల చిరుధాన్యాలు అన్నీ ఒకేసారి కలిపి పట్టించకండి. దేనికైనా ఒంటి మీద దద్దుర్లు వస్తే దేనివల్లో తెలియదు. ఒక్కో కొత్త పదార్థానికీ రెండు మూడు రోజులు టైమివ్వండి. పొడి కూడా కొంచెం కొంచెమే పట్టించుకోండి, పాతబడితే కనరు వాసన వస్తుంది.

ఉగ్గు పొయ్యడానికి వాడే ముక్కు గిన్నె గురించి కూడా చెప్పాలి. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఆ ముక్కుతో నోట్లోకి పోస్తారు. వద్దండీ. బిడ్డ మింగే వేగం మన చేతిలో ఉండకూడదు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టుకోండి, చెంచా పెదవి దగ్గర పెట్టి ఆగండి, నోరు తెరిస్తే పెట్టండి. ఆ గిన్నె వెండిదైతే జాగ్రత్తగా దాచుకోండి, బాలసారెలో పెద్దవాళ్ళు ఇచ్చిన వస్తువు కదా.

బాలామృతం. ఏడు నెలల నుంచి మూడేళ్ళలోపు పిల్లలకి నెలకి 2.5 కిలోల ప్యాకెట్ ఉచితంగా ఇస్తారు. తెలంగాణలో ఇది నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారవుతుంది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార ఉంటాయి, విటమిన్లు, ఖనిజాలు కలుపుతారు. బలం ఉన్న పొడే. నాకు నచ్చనిది పంచదార ఒక్కటే. చిన్న వయసులోనే తీపి మరిగితే పప్పన్నం మీదికి నోరు పోదు. అందుకని రోజుకి ఒక పూటకి పెట్టి, మిగతా పూటలకి ఇంటి తిండి పెట్టమంటాను. కూలికి వెళ్ళే తల్లికి, పొద్దున్నే పొయ్యి వెలిగించే తీరిక లేని తల్లికి ఈ ప్యాకెట్ నిజంగా ఆసరా. ఒక్కటి మాత్రం చూసుకోండి, చంటిదాని పేరున వచ్చిన ప్యాకెట్‌ని ఇంట్లో పెద్దపిల్లలకి లడ్డూలు కట్టి పెట్టేస్తే చంటిదానికి మిగలదు.

ప్యాకెట్ పొడి మీద ఎక్కువ మాట్లాడను. ఐరన్ కలుపుతారు, అది మేలే. ప్రయాణాల్లో పనికొస్తుంది. వెనక్కి తిప్పి పదార్థాల వరస చదవండి. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి) లాంటివి వరసలో పైన కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి. ఇంకో ఇబ్బంది, ఎప్పుడూ ఒకేలా పేస్టులా ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకి బిడ్డ నోటికి చిన్న చిన్న పలుకులు తగలాలి. పది నెలలు దాటినా మెత్తటి పేస్టే పెడుతుంటే తర్వాత నమలడానికి మొండికేస్తారు.

నా మార్కులన్నీ ఈ పళ్ళేనికే. అన్నం, ముద్దపప్పు వేళ్ళతో మెదిపి, నెయ్యి వేసి, కాస్త పాలకూరో గుమ్మడికాయో ఉడికించి కలిపితే అయిపోయింది. మనకి పోపు పెట్టేముందు, ఉప్పూ కారం వేసేముందు బిడ్డది తీసేయండి. ఏడాది దాకా ఉప్పు అవసరం లేదు. పప్పులో టమాటా వేస్తే, చివర నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. గుడ్డు ఏడాది దాకా పెట్టకూడదు అనేది పాత మాట. బాగా ఉడికించి, పచ్చసొనా తెల్లసొనా రెండూ ఆరు నెలల నుంచే పెట్టొచ్చు. మాంసం తినే ఇళ్ళలో చికెన్, లివర్, ముల్లు తీసిన చేప మెత్తగా మెదిపి పెట్టండి. రక్తం పట్టడానికి వీటికి మించినవి లేవు. శాకాహారులైతే పిల్లల డాక్టర్‌తో ఐరన్ గురించి తప్పకుండా మాట్లాడండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలకి వారానికి రెండుసార్లు, ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది. మీ ఆశా కార్యకర్తని అడిగి తీసుకోండి.

ఏడాదిలోపు తేనె నాకించకండి, ఒక్క చుక్క కూడా. అందులో ఉండే బొట్యులిజం క్రిమి విత్తనాలు పసిపిల్లల పేగుల్లో మొలిచి విషం తయారుచేస్తాయి. పల్లీలు, శనగలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు, జంతికల ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ముద్దుగా నోట్లో పెట్టబోతే మొహమాటపడకుండా ఆపండి.

పాలు మాన్పించమని నేనెక్కడా అనలేదు, గమనించండి. రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రోజుకి రెండు మూడు పూటల తిండి, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు, మధ్యలో అడిగినప్పుడల్లా పాలు. వేపాకు పసరు రాసి ఒక్క రోజులో మాన్పించేవాళ్ళుంటారు. బిడ్డ ఆ రాత్రంతా ఏడుస్తుంది, తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది. మాన్పించాలనుకున్నప్పుడు ఒక్కో పూటా తగ్గించుకుంటూ రండి.

మొదటి రోజుల్లో రెండు మూడు చెంచాలు తింటే చాలు. ఉమ్మేస్తే నచ్చలేదని తేల్చెయ్యకండి, అదే పదార్థం ఇంకో రోజు, మరో రోజు మళ్ళీ చూపించండి. ముక్కు మూసి, ఫోన్ చూపించి పెట్టొద్దు. మొహం తిప్పేసుకుంటే కడుపు నిండిందని అర్థం, గిన్నెలో ఇంకా మిగిలున్నా సరే.

విరేచనాలు పట్టుకున్నప్పుడు తిండి ఆపేసి సగ్గుబియ్యం నీళ్ళ మీద ఉంచుతుంటారు. ఆపొద్దు. పాలు ఎక్కువసార్లు ఇవ్వండి, ఓఆర్ఎస్ తాగించండి, డాక్టర్ రాసిన జింక్ పద్నాలుగు రోజులూ వెయ్యండి, తినగలిగినంత మెత్తటి తిండి కొంచెం కొంచెంగా పెట్టండి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకి ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది. మూత్రం తగ్గినా, కళ్ళు లోతుకి పోయినా, మగతగా ఉన్నా, రొమ్ము పట్టకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.