గ్యాస్ ఎటు పోయిందో ముందు తేల్చండి

అందరికీ నమస్కారం. మార్చి దాటితే తిరుపతిలో ఏసీ మెకానిక్‌కి ఊపిరి సలపదు. రేణిగుంటలో పని ముగియకముందే తిరుచానూరు రోడ్డు నుంచి ఫోన్ వస్తుంది. ఆ తొందరలో మనవాళ్లు చాలామంది గేజ్ తగిలించి, సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్ ప్రెషర్) తక్కువుందని సిలిండర్ తిప్పి గ్యాస్ నింపేస్తారు. “పోయినేడే కదన్నా నింపింది, మళ్లీ అయిపోయిందా?” అని గొణుక్కుంటూనే ఇంటాయన డబ్బులిస్తాడు. బండిలో పెట్రోల్ లాగా ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. అది పట్టుకోకుండా నింపడాన్ని నేను రిపేరు అనను.

అలాగని సక్షన్ పడిపోయిన ప్రతిచోటా లీక్ అనుకోకండి. కొత్త ఇళ్లలో ఫాల్స్ సీలింగ్ పైన డక్టబుల్ యూనిట్లు, అంటే గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపేవి, పెట్టిస్తున్నారు. వాటి ఫిల్టర్ ఎక్కడుందో చాలాసార్లు ఇంట్లోవాళ్లకే తెలియదు. అది దుమ్ముతో మూసుకుపోయినా సక్షన్ తగ్గుతుంది, పైపు మీద ఐసు కడుతుంది. తేడా పట్టిచ్చేది సూపర్‌హీట్, అంటే గ్యాస్ మరిగాక ఇంకా ఎన్ని డిగ్రీలు వేడెక్కిందన్న లెక్క. ముందు ఐసు మొత్తం కరగనివ్వండి. మళ్లీ నడిపించి, లావు పైపుకు క్లాంప్ థర్మామీటర్ పెట్టి, వచ్చిన అంకెలోంచి ఆ ప్రెషర్‌కు గ్యాస్ మరిగే ఉష్ణోగ్రత తీసేయండి. సూపర్‌హీట్ బాగా ఎక్కువగా, సబ్‌కూలింగ్ (గ్యాస్ ద్రవంగా మారాక ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందన్నది) తక్కువగా ఉంటే అప్పుడు గ్యాస్‌ను అనుమానించండి. సూపర్‌హీట్ కూడా తక్కువైతే గాలి సరిగా ఆడట్లేదు. ఫిల్టర్, బ్లోయర్ చూడండి.

లీక్ వెతికేటప్పుడు మొదటి పరికరం మన కళ్లే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా చెమ్మగా బయటికొస్తుంది. దానికి దుమ్మంటుకుని నల్లటి జిడ్డు మరక పడుతుంది. పైపులు బిగించే ఫ్లేర్ నట్లు, బ్రేజింగ్ చేసిన (లోహం కరిగించి అతికిన) జాయింట్లు, గేజ్ తగిలించే సర్వీస్ పోర్టుల్లో మూత లేనివి చూడండి. సబ్బు నురగ రాసి వెంటనే లేచిపోకండి. సన్న లీక్ అయితే బుడగ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గ్యాస్ లీక్ డిటెక్టర్‌ను జాయింట్ కింది వైపు నెమ్మదిగా తిప్పండి, ఈ గ్యాస్ గాలికన్నా బరువు.

అప్పటికీ దొరక్కపోతే మిగిలిన గ్యాస్‌ను రికవరీ చేసి, అంటే వేరే సిలిండర్‌లోకి లాగి, నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పడిపోతుందేమో చూడండి. రెగ్యులేటర్ తప్పనిసరి, నేమ్‌ప్లేట్ మీదున్న ప్రెషర్ దాటకూడదు. ఆక్సిజన్ జోలికి పోవద్దు. ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 300 పీఎస్‌ఐ ప్రెషర్ పెట్టి, తెల్లారి 28 డిగ్రీల్లో చూస్తే ముల్లు 288 దగ్గర ఉంటుంది. ఆ 12 తగ్గింది వేడి తగ్గినందుకే, లీక్ లేదు. ఈ లెక్క తెలియకే మంచి జాయింట్లు విప్పి చెడగొడుతుంటారు.

ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో గాల్లోకి వదిలేస్తే దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. ఆర్-32 అయితే 675 కిలోలు, పైగా అది మంటకు అంటుకునే గ్యాస్. లోపల గ్యాస్ ఉండగా బ్రేజింగ్ మంట వెలిగించకండి.

ఇండోర్ కాయిల్‌లో చీమల పుట్టలా సన్న రంధ్రాలు పడి ఉంటే అతుకులు ఎక్కువ కాలం ఆగవు. కాయిల్ మార్చాలని మొహమాటం లేకుండా చెప్పండి. రేటు వినగానే ముఖం ముడుచుకుంటారు, అది మామూలే.

పైన మేడ మీద ఒక యూనిట్‌కి నైట్రోజన్ ఎక్కించి పెట్టాను. అందులో రెండు చోట్ల లీక్ ఉంది. సబ్బు నీళ్లు అక్కడే ఉన్నాయి, రండి పోదాం.