లారీ ప్రమాదం ఆఫీసు బల్ల దగ్గరే మొదలవుతుంది

(దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు, సాయంత్రం. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కుతున్న లారీ.)

కథకుడు: ఈ లోడు కోల్‌కతా వెళ్లాలి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,200 కిలోమీటర్లు. సరుకు తెప్పించుకునే పార్టీకి ఎల్లుండి రాత్రికల్లా అది దిగాలి. డ్రైవరు ఒక్కడే.

లెక్క వేద్దాం. టోల్‌గేట్లు, ఊళ్లు అన్నీ పోను గంటకు సగటున 45 కిలోమీటర్లు నడిచినా గొప్పే. అంటే స్టీరింగు ముందు దాదాపు 27 గంటలు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అనేది. దూర ప్రయాణాలకు అనుమతి ఉంటే 10. ఎలా చూసినా రెండు రోజుల్లో తెమలదు. ఈ సంగతి బుకింగ్ రాసుకున్న గుమాస్తాకూ తెలుసు.

తర్వాత ఎక్కడో తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని ఇది వెనక నుంచి గుద్దితే, వార్తలో 'డ్రైవరు నిద్రమత్తు' అని రాస్తారు. గంటకు 60 వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 50 మీటర్లు దానంతట అదే పోతుంది. నిద్రమత్తు నిజమే. ఆ నిద్రను ఎవరు తీసేసుకున్నారన్నది మాత్రం వార్తలో ఉండదు.

(దృశ్యం: విజయవాడ ఆటోనగర్. విప్పిన వెనక చక్రం.)

మేస్త్రీ బ్రేకు డ్రమ్మును వెలుతురు వైపు తిప్పాడు. లోపల నీలి మచ్చలు, వెంట్రుకంత సన్నని పగుళ్లు. "ఇది బాగా కాలింది సార్. మిగతా చక్రాల బ్రేకులు సరిగా పట్టడం లేదు, భారమంతా దీని మీదే పడింది" అన్నాడు. పక్క చక్రంలో గ్రీజును ఆపే సీలు కారి, డ్రమ్మును పట్టి ఆపే బ్రేకు లైనరుకు గ్రీజు అంటుకుని ఉంది, ఇక అది జారుతుంది. సీలుకు అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. కానీ బండి ఒక పూట షెడ్డులో నిలబడితే ఆ పూట కిరాయి పోతుంది. వాయిదా వేసేది అందుకే.

దీనికి ఓవర్‌లోడు తోడైతే చెప్పనక్కరలేదు. రెండు యాక్సిళ్ల (ఇరుసుల) లారీకి 2018లోనే బండి, సరుకు కలిపి మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5కు పెంచారు. అయినా కొందరికి చాలదు. ఇప్పుడు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. దాన్ని కూడా ట్రిప్పు ఖర్చుల్లో కలుపుకునే మహానుభావులు ఉన్నారు.

(దృశ్యం: ట్రిప్పు షీటు, దగ్గరగా.)

డీజిలు, టోలు, అడ్వాన్సు, బత్తా. అన్నిటికీ గళ్లు ఉన్నాయి. డ్రైవరు ఎన్నింటికి బండి ఎక్కాడో, ఎన్నింటికి దిగాడో రాసే గడి లేదు.

అమెరికాలో కేంద్ర రవాణా భద్రతా సంస్థ కంపెనీనే లెక్కలోకి తీసుకుంటుంది. రోడ్డు మీద తనిఖీలో దొరికిన బ్రేకు లోపం, పనిగంటల ఉల్లంఘన, ప్రమాదం, అన్నీ కంపెనీ ఖాతాలో పడతాయి. అక్కడ 10 గంటల విరామం తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు. డ్రైవర్ల వేతనం పెంచినచోట ప్రమాదాలు తగ్గాయని అక్కడి పరిశోధనల్లో తేలింది. ఆశ్చర్యం ఏముంది? ట్రిప్పుకింత అని ఇస్తే ట్రిప్పులే పెరుగుతాయి. మంచి జీతం ఉన్నచోట పాత డ్రైవరు నిలబడతాడు, తన బండి చప్పుడు మారితే చెవితోనే పట్టేస్తాడు.

మన దగ్గర చాలామంది యజమానులకు ఉన్నవి ఐదు లారీల లోపే. భద్రతకు వేరే అధికారిని పెట్టుకునే స్తోమత వాళ్లకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మూడు లారీల యజమాని ఒకరు బడిపిల్లల నోటు పుస్తకంలోనే డ్రైవర్ల గంటలు రాస్తారు. పార్టీకి గడువు ఒప్పుకునే ముందు ఆ పుస్తకం తెరుస్తారు. ఒక రాత్రి పన్నెండున్నరకు ఆయన ఫోను మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను.

"ఎక్కడున్నావురా?"

"తుని దాటాను సార్. అనకాపల్లి వెళ్లి పడుకుంటాను."

"వద్దు. ముందు కనిపించిన బంకులో పెట్టేయ్. పార్టీతో నేను మాట్లాడతాను."

(దృశ్యం: పెట్రోలు బంకు. లారీ లైట్లు ఆరిపోతాయి.)