శంషాబాద్‌లో అర్ధరాత్రి ఫ్లైట్: ముందు రోజు ఏ హోటల్‌లో దిగాలి?

అందరికీ నమస్కారం. ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నర అయింది. శంషాబాద్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. రాత్రి ఒంటిగంటకు అమ్మానాన్నలను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. అక్క డెలివరీకి అమెరికా వెళ్తున్నారు. ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో. మాది ఖమ్మం. మా వైపు నుంచే కాదు, వరంగల్, నల్గొండ, కరీంనగర్ నుంచి కూడా ఇలా అర్ధరాత్రి ఫ్లైట్లు ఎక్కే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను తీసుకొచ్చే పిల్లల కోసమే ఈ రివ్యూ.

"మియాపూర్‌లో మీ పిన్ని వాళ్లుండగా హోటల్ ఎందుకురా?" అని నాన్న రెండు రోజులు అడుగుతూనే ఉన్నాడు. పిన్ని కూడా కాస్త నొచ్చుకుంది. నిజమే, చుట్టాల ఇంట్లో ఉంటే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ మియాపూర్ నుంచి ఎయిర్‌పోర్టు నలభై కిలోమీటర్లకు పైనే. పైగా మన వల్ల ఆ ఇంట్లో ఒక్కరికీ నిద్ర ఉండదు. వంటలు, పలకరింపులు, ఫొటోలు అయ్యేసరికి పది దాటుతుంది. పన్నెండింటికి లేవాల్సిన మనిషి ఇంకెప్పుడు పడుకుంటాడు? అందుకే దారిలో పిన్నిని కలిసి, భోజనం చేసి, నాలుగింటికల్లా ఇక్కడికి వచ్చేశాం.

హోటల్ సంగతికి ముందు తేదీ సంగతి చెప్పాలి. దీని దగ్గర తెలివైనవాళ్లు కూడా పొరపాటు పడతారు. టికెట్ మీద 15వ తేదీ, ఉదయం 4 గంటలు అని ఉందనుకోండి. మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి. క్యాలెండర్ 15కు మారాక గంట గడిచేసరికే క్యూలో ఉండాలి. గది 14వ తేదీకి బుక్ చేయాలి. యాప్‌లో 15 నొక్కితే మీ గది 15 మధ్యాహ్నం 12 గంటల నుంచి మొదలవుతుంది. అప్పటికి విమానం గల్ఫ్‌లో దిగి ఉంటుంది. బుక్ చేశాక హోటల్‌కు ఒకసారి ఫోన్ చేసి, "14 మధ్యాహ్నం వస్తాం, అదే రోజు అర్ధరాత్రి బయల్దేరతాం" అని నోటితో చెప్పండి.

సరే, హోటళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం. ఎయిర్‌పోర్టు ఆవరణలోనే నోవోటెల్ ఉంది. టెర్మినల్‌కు కారులో కొద్ది నిమిషాలే. డబ్బు సమస్య కాకపోతే, పెద్దవాళ్లకు నడవడం కష్టమైతే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. నాకు కావలసిన రోజుకు ధర చూస్తే, ఈ గదికి నేను కట్టిన 2,600కు మూడు రెట్లు దాటింది. ఇంకో సంగతి, గది అద్దె రోజుకు 7,500 వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,300 గదికి, 7,700 గదికి తేడా నాలుగు వందలే అనిపిస్తుంది కానీ బిల్లు చేతికొచ్చేసరికి వెయ్యి దాటేస్తుంది.

రెండోది శంషాబాద్ ఊరు, బెంగళూరు హైవే పక్కన. ఎక్కువమంది దిగేది ఇక్కడే, నేనున్నదీ ఇక్కడే. మూడోది ఆరాంఘర్, అత్తాపూర్, మెహిదీపట్నం వైపు. అర్ధరాత్రి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఖాళీగా ఉంటుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా వచ్చేయొచ్చు. సిటీలో ఏమైనా పని ఉంటేనే అటు దిగండి. ఖమ్మం, విజయవాడ వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే నేరుగా శంషాబాద్‌లో దిగుతారు, సిటీ ట్రాఫిక్ మొహం చూడక్కర్లేదు.

ఇప్పుడు స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. యాప్‌లో ఒక హోటల్ కింద "ఎయిర్‌పోర్టుకు 3 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది. అది కాకి ఎగిరే దూరం. మధ్యలో రన్‌వే ఉంటుంది, అదే 4 కిలోమీటర్లకు పైన పొడవు. దాని చుట్టూ ప్రహరీ. హోటల్ అవతలి వైపు ఉందంటే ఊళ్లన్నీ చుట్టి రావాలి. అందుకే హోటల్ పేరు కొట్టి, అక్కడి నుంచి "డిపార్చర్స్" దాకా రోడ్డు దూరం చూడండి. అదీ మీరు బయల్దేరే టైమ్ పెట్టి చూడండి.

ఫోన్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న వింటే మీకు వింతగా ఉంటుంది. "మీ పక్కన ఫంక్షన్ హాల్ ఉందా?" శంషాబాద్, సాతంరాయి రోడ్డంతా గార్డెన్లు, కన్వెన్షన్లే. ముహూర్తాలున్న రోజుల్లో గదులు దొరకవు, దొరికినా పెళ్లివారితో నిండి ఉంటాయి. రాత్రి పదకొండింటికి కిటికీ కింద బరాత్ ఆగితే డప్పుకు గాజు అద్దాలు అదురుతాయి. అందుకే బుక్ చేసే ముందు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూశాను. ముందువైపు కాకుండా వెనకవైపు గది కావాలని అడిగాను.

ఇదంతా నాకు ముందే తెలుసనుకోకండి. రెండేళ్ల కిందట ఉదయం ఆరింటి ఢిల్లీ ఫ్లైట్ కోసం ఒక లాడ్జిలో దిగాను. పేరు చెప్పను. ఫొటోల్లో బాగానే ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి కుళాయి తిప్పితే చల్లనీళ్లు. వేడినీళ్లు ఆరు నుంచి తొమ్మిది వరకేనని బాత్రూమ్ తలుపు వెనక చిన్న కాగితం అంటించి ఉంది. లిఫ్ట్ ఆఫ్ చేసేశారు. సూట్‌కేస్ మోసుకుంటూ మూడంతస్తులు దిగితే కింద షట్టర్ వేసి, లోపల్నుంచి తాళం. కౌంటర్ వెనక చాప మీద ఒక కుర్రాడు నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "తమ్ముడూ, తమ్ముడూ" అని లేపితే, తాళంచెవి ఇంకొకతని జేబులో ఉందట, ఆయన పైన డాబా మీద పడుకున్నాడట. కుర్రాడు పైకి వెళ్లి వచ్చేసరికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ షట్టర్ సందులోంచి కనిపిస్తున్న క్యాబ్ లైట్లనే చూస్తూ నిలబడ్డాను. డొమెస్టిక్‌కు కూడా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. ఫ్లైట్ అందింది, కానీ ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అప్పటి నుంచి నేను హోటల్‌ను కొలిచేది ఒక్కదానితోనే. నేను బయల్దేరే గంటలో ఆ హోటల్ ఎలా ఉంటుంది? స్విమ్మింగ్ పూల్ నాకెందుకు? బఫే బ్రేక్‌ఫస్ట్ ఏడింటికి మొదలవుతుంది, అప్పటికి నేను గాల్లో ఉంటాను. బాత్రూమ్‌లో గీజర్ ఉందా, రాత్రంతా లిఫ్ట్ నడుస్తుందా, గేటు దగ్గర మెలకువగా మనిషి ఉంటాడా, ఈ మూడూ అడుగుతాను. ఈసారి ఇంకో పని కూడా చేశాను. బుక్ చేసే ముందు ఒక రాత్రి ఒంటిగంటకు ఈ హోటల్‌కు ఫోన్ చేశాను. మూడో రింగ్‌కు ఎత్తి, మామూలు గొంతుతో "చెప్పండి సార్" అన్నాడు. వెంటనే బుక్ చేశాను.

ఇక బండి సంగతి. దీని దగ్గర కొంచెం ఆగుదాం. అమెరికాకు ఎకానమీలో సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఇద్దరికి నాలుగు. పైన చేతి సంచులు. మామూలు సెడాన్ క్యాబ్ పిలిస్తే, డిక్కీ తెరవగానే లోపల సీఎన్‌జీ సిలిండర్ కనిపిస్తుంది. అందులో ఒక పెద్ద పెట్టె పట్టడమే గొప్ప. మిగతావి అమ్మ ఒళ్లో పెట్టలేం కదా. క్యారియర్ ఉన్న బండి గానీ, పెద్ద బండి గానీ ముందే చెప్పుకోవాలి. "ఉచిత ఎయిర్‌పోర్ట్ డ్రాప్" అని హోటల్ వాళ్లు రాస్తే, అది మనం అడిగిన టైమ్‌కు వస్తుందా, గంటకోసారి అందరినీ కలిపి తీసుకెళ్తారా, ఎన్ని పెట్టెలు ఎక్కుతాయి అని అడగండి. సొంత కారు ఉన్నా రాత్రి డ్రైవింగ్ చేసేవాళ్లు సాయంత్రం రెండు గంటలైనా పడుకోవాలి. నేను పడుకున్నాను.

ఈ హోటల్‌లో నాకు బాగా నచ్చింది రిసెప్షన్ పక్కనున్న తూకం మెషిన్. అమ్మ పెట్టె 24 కిలోల 300 గ్రాములు తూగింది. గది నేల మీద పెట్టె విప్పితే కందిపొడి, కారప్పొడి, ఎండబెట్టిన వడియాలు, మధ్యలో నాలుగు పొరల కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా. దేన్ని తీసినా "అది అక్కకు ఇష్టంరా" అంటుంది. చివరికి నాన్న స్వెట్టర్ తీసి ఒంటికి తొడిగాం, రెండు చీరలు చేతి సంచిలోకి మార్చాం. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే ఉండాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఈ సర్దుడు కౌంటర్ ముందు, వంద మంది చూస్తుండగా చేసే అవస్థ తప్పింది.

అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవలు, మనవరాళ్లు మీతో ఉంటే ఇంకొకటి. విదేశీ పాస్‌పోర్టువాళ్లు దిగితే హోటల్ వాళ్లు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఆ పని పడలేక చిన్న లాడ్జీలు కొన్ని గది ఇవ్వమంటాయి. ముందే చెప్పి ఒప్పించుకోండి.

మైనస్‌లు కూడా చెబుతాను. గోడలు పల్చన, పక్క గది టీవీ వినపడింది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి కానీ దిండ్లు రాళ్లలా ఉన్నాయి. భోజనానికి చుట్టుపక్కల ధాబాలే, కారాలు ఎక్కువ. ప్రయాణానికి ముందు పెద్దవాళ్లకు అవి పెట్టకండి. మేం ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్నాం.

ఒక లాభం నేను అనుకోనిది. గదికి ఒక రోజు అద్దె ఎలాగూ కట్టాం కాబట్టి, వాళ్లు వెళ్లిపోయినా మధ్యాహ్నం 12 దాకా గది మనదే. డ్రాప్ చేసి ఆ మత్తులోనే ఖమ్మం బయల్దేరేవాళ్లను చాలామందిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. తాళంచెవి ఇవ్వకుండా జేబులో పెట్టుకుని వెళ్లండి. రాత్రి నేను రెండింటికి తిరిగి వచ్చేసరికి టేబుల్ మీద స్టీలు డబ్బా ఉంది. పెరుగన్నం, పక్కన కాగితంలో రెండు ఊరమిరపకాయలు. అమ్మ చెప్పకుండా పెట్టి వెళ్లింది. అది తిని పడుకున్నాను. మూడున్నరకు నాన్న మెసేజ్ వచ్చింది, "ఎక్కాం. కిటికీ సీటు." పొద్దున లేచాకే చూశాను.