మేత ముట్టని పాము

ప్రిన్సిపాల్ గారికి, జువాలజీ మేడం గారికి, బస్టాండు నుంచి నన్ను బండి మీద తీసుకొచ్చిన అబ్బాయికి, మిగతా అందరికీ నమస్కారం. శాలువా ముందే కప్పేశారు. ఈ ఉక్కలో దాన్ని తీసి పక్కన పెడుతున్నా, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

కార్డులో నా పేరు పక్కన 'సర్ప శాస్త్రవేత్త' అని వేశారు. అది అబద్ధం. నేను రిటైరైన పశువుల డాక్టర్ని. గేదెలు, నెల్లూరు గొర్రెలు, ఒంగోలు గిత్తలు, నా సర్వీసంతా వీటితోనే. పాములు నా దగ్గరికి వచ్చింది రెండుసార్లు. 'పర్యావరణంలో పాముల పాత్ర' అని టాపిక్ ఇచ్చారు గానీ, ఎలుకల్ని తింటాయి, రైతుకు మేలు అని మీ పుస్తకంలోనే ఉంది. నేను ఆ రెండు పాముల సంగతే చెప్తా.

మొన్న ఎండాకాలం నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. బాల్ పైథాన్‌ని పెంచుతున్నాడు. పశ్చిమ ఆఫ్రికా వైపు జీవి. కొండచిలువ జాతే కానీ చిన్నది, భయమేస్తే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఇక్కడో మాట. మన నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. ఇలాంటి విదేశీ జాతుల్ని కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కుర్రాడు చేయించాడు, కాగితం చూశాకే నేను పామున్న అద్దాల పెట్టె చూశా.

"రెండు నెలలైంది సార్, ఏమీ తినట్లేదు. రాత్రంతా ఒకటే తిరుగుడు. ముక్కుతో అద్దాన్ని నెట్టి నెట్టి చూడండి ఎట్లయిందో" అన్నాడు. ముక్కు చివర పొలుసులు గీరుకుపోయి ఎర్రగా ఉంది.

గేదె మేత ముట్టకపోతే ఏం చేస్తాం? కడుపు చూస్తాం. నెమరేస్తుందా, పేడ ఎట్లుంది, అరుగుదల మందు ఏది పట్టిద్దాం. నా చేతులకు తెలిసిన పని అదే. పాముకూ అట్నే చేశా. నోరు తెరిపించి చిన్న చచ్చిన ఎలుకను పట్టకారుతో లోపలికి తోయించా. మూడో రోజు కక్కేసింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కుర్రాడు ఏమీ అనలేదు, బకెట్‌తో నీళ్లు తెచ్చి తనే కడుక్కున్నాడు. అదే ఎక్కువ బాధేసింది.

ఆ రాత్రి థర్మామీటరు పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నా. రోహిణీ కార్తె. పైన బల్బు, దానికి వేడి ఎక్కువైతే ఆపేసే థర్మోస్టాట్ లేదు. బల్బు కింద 41 డిగ్రీలు, అటు చివర 36. పాముకు ఒంట్లో వేడి పుట్టదు, బయట ఉన్నదే దాని వేడి. అరగాలంటే వెచ్చని చోటికి పాకుతుంది, ఎక్కువైతే చల్లని చోటికి పాకుతుంది. దీనికి ఒక పక్క 31–33, ఇంకో పక్క 25–27 ఉండాలి. ఇక్కడ రెండు పక్కలా పొయ్యే. తిరగక ఏం చేస్తుంది? పైగా పెట్టె హాల్లో, టీవీ పక్కన. వచ్చినవాళ్లందరికీ మెళ్లో వేసుకుని సెల్ఫీలు.

పక్క ఖాళీ స్థలంలో ఎలుకల బొరియలు తవ్వడానికి వచ్చిన యానాది పెద్దాయన మంచినీళ్లకని గుమ్మంలోకొచ్చి దాన్ని చూశాడు. "దానికి బొక్క ఏది సారూ? బొక్క లేని పాము తింటదా?" అన్నాడు.

నలభై ఏళ్ల అనుభవమున్న డాక్టర్ని. దాక్కోడానికి కన్నం ఏదని నేను అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు. పొలం ఎలుకలు తెచ్చిస్తానని బేరం కూడా పెట్టాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. పొలం ఎలుకలో పురుగులుంటాయి, విషం మందు తిని ఉండొచ్చు, బతికున్నదైతే పామునే కొరుకుతుంది. కాసేపు వాదించి, బీడీ వెలిగించుకుని పోయాడు.

రెండు పగిలిన కుండలు తెచ్చి బోర్లించాం, వెచ్చని పక్కొకటి, చల్లని పక్కొకటి. థర్మోస్టాట్ పెట్టాం. పెట్టెను లోపలి గదిలోకి మార్చి మూడు వైపులా కాగితం అంటించాం. పాము లోపల పట్టేంత నీళ్ల గిన్నె. రెండు వారాలు ఎవరూ ముట్టుకోవద్దన్నా. వారానికోసారి వంటింటి కాటా మీద తూచమన్నా. ఈ జాతి నెలల తరబడి తినకుండా ఉండగలదు, ముఖ్యంగా మగవి జత కట్టే కాలంలో. కళ్లు మబ్బుపట్టినట్టు తెల్లబడితే కుబుసం విడవబోతుందని, అప్పుడూ తినదు. బరువు నిలకడగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. పదో వంతు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, ముక్కులో బుడగలొచ్చినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

పదిహేడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్. గుసగుసగా మాట్లాడుతున్నాడు. "సార్, పట్టింది." ఫ్రీజర్‌లోంచి తీసి వేడినీళ్లలో వెచ్చబెట్టిన ఎలుక.

ఇక రెండోది. నిజానికి అదే మొదటిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కందుకూరు దగ్గర పల్లె ఆసుపత్రి. నాగుల చవితి వెళ్లి వారమైంది. పాములాయన బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదే మాట, "తినట్లేదు సార్, రాత్రంతా మూతకేసి కొడతా ఉంది." పడగ ఎత్తలేదది. నోరు తెరిచి చూస్తే కోరలు పీకిన చోట కుళ్లిపోయింది. తెల్లగా, పసుపుగా గడ్డలు. ఏది పాలు, ఏది చీము అన్నది తెలియలేదు. దూదితో తీస్తూ ఉన్నా, వస్తూనే ఉంది. పాలు తాగుతుందా అని అడిగా. "చవితికి నెల ముందు నుంచి నీళ్లు పెట్టం సార్, అప్పుడే పాలు ముడతది" అన్నాడు, దాచకుండా. దప్పికతో తాగిన పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. మూడో రోజు చచ్చిపోయింది. ఆయన ఏడ్చాడు. ఆయన కూడు అదే మరి.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, చేతులెత్తండి. మీలో ఎవరి వీధిలోకి చవితి నాడు బుట్ట వస్తుంది? చూశారా, సగం మంది. నేను చవితి చెయ్యొద్దనడం లేదు మేడం, అట్లా చూడకండి. మా అమ్మ పుట్టలో పాలు పోసేది, నేను పక్కన నిలబడి చిమ్మిలి తినేవాణ్ణి. పుట్టతో నాకు తగువు లేదు. తగువు బుట్టతో. ఎల్లుండి బుట్ట మీ గుమ్మంలోకొస్తే గ్లాసుతో పాలు తేకండి. ఆయన చేతిలో పది రూపాయలు పెట్టినా మళ్లీ ఏడాది వస్తాడు, కాబట్టి అదీ వద్దు. అటవీశాఖకు ఫోన్ చేయండి. పాము వాళ్లకు పోతుంది, ఆయన కూటి సంగతి ఏం చేయాలో మాత్రం నాకు ఈరోజుకీ తేలలేదు.

వెనక బెంచీలో ఆ అబ్బాయి చెయ్యెత్తి చాలాసేపైంది. ఏంది నాయనా, అడుగు.